బంక పడలేదని మందు ఆపరాదు!

బొట్టుబిళ్ల పడని ఆడవాళ్లు ఏ ఊళ్లో చూసినా ఉంటారు. రోజూ బిళ్ల అంటించుకునే చోట మొదట దురద పుడుతుంది. కొందరికి అక్కడ చర్మం నల్లబడుతుంది. కొందరికి తెల్లమచ్చ తేలుతుంది. బిళ్ల వెనుక పూసే బంకలోని ఒక రసాయనం వల్ల ఈ తెల్లమచ్చ వస్తున్నదని మన దేశపు చర్మవైద్యులు 1990 నాటికే తేల్చి చెప్పారు. బిళ్ల మాని కుంకుమ పెట్టుకోవడం ఎవరికైనా చేతనైన పనే.

కానీ ఒంటికి అంటించుకున్నది ప్రాణం నిలిపే పరికరమైతే ఏం చేయాలి? చిన్న వయసులోనే షుగరు వచ్చిన పిల్లలున్న కొన్ని ఇళ్లలో ఇప్పుడు ఈ చిక్కే వచ్చి పడుతున్నది.

రాత్రింబవళ్లు అంటుకునే ఉండాలి

టైప్ 1 అనే ఈ రకం షుగరు ఉన్నవారి ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. తీపి మానినా, అన్నం తగ్గించినా ఇన్సులిన్ బయటినుంచి అందవలసిందే. చాలామంది రోజుకు నాలుగైదుసార్లు సూది వేసుకుంటారు. స్తోమత ఉన్నవారు, అప్పో సప్పో చేయగలిగినవారు లక్షలు పోసి పంపు పెట్టించుకుంటున్నారు. గుప్పిట్లో ఇమిడే ఈ మిషను నుంచి సన్నని గొట్టం ద్వారా ఇన్సులిన్ కొద్దికొద్దిగా చర్మం కిందికి దిగుతూ ఉంటుంది. గొట్టం కొసను పొట్టమీదనో తొడమీదనో బంకపట్టీతో అంటిస్తారు. రెండు మూడు రోజులకొకసారి చోటు మార్చి కొత్తది పెట్టాలి. చక్కెర ఎంత ఉన్నదో చూపే సెన్సారు బిళ్ల అయితే రకాన్ని బట్టి పది, పద్నాలుగు రోజులు జబ్బకు అంటుకునే ఉంటుంది.

రోహిణీ కార్తె ఎండల్లో, కరెంటు లేని రాత్రుల్లో ఆ పట్టీ కింద చెమట చేరుతుంది. చెమట చేరితే పట్టీ ఊడుతుంది. ఊడకుండా గట్టిగా అంటిస్తే చర్మం నానుతుంది. పిల్లలు బడిలో గోకుతారు, ఇంట్లో చెప్పరు. అంత డబ్బు పోసి కొన్న వస్తువు పడలేదంటే అమ్మానాన్నలు ఏమంటారోనన్న భయం.

ఒరుపా? పడకపోవడమా?

పట్టీ కింద చర్మం ఎర్రబడడం రెండు విధాలుగా జరుగుతుంది. మొదటిది ఒరుపు. చెమట వల్ల, పట్టీని గబుక్కున లాగడం వల్ల వస్తుంది. మంట ఉంటుంది. పట్టీ తీస్తే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది.

రెండోది అసలు ఆ వస్తువే ఒంటికి పడకపోవడం. మొదట్లో ఏమీ తెలియదు. వారాలు, నెలలు వాడిన తరువాత బయటపడుతుంది. దురద ఎక్కువ. చిన్న చిన్న నీటి పొక్కులు లేస్తాయి. రసి కారుతుంది. పట్టీ హద్దు దాటి కూడా పాకవచ్చు. ఒకసారి పడకపోవడం మొదలైతే మళ్లీ అంటించిన ప్రతిసారీ త్వరగా వస్తుంది. ఈ తేడా తెలియడానికి చర్మవైద్యులు ప్యాచ్ టెస్టు చేస్తారు. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపుమీద అంటించి, రెండు రోజులకు తీసి చూస్తారు. మరి రెండు రోజులకు మళ్లీ చూస్తారు.

నేరం బంక ఒక్కదానిదే కాదు

అందరూ బంకనే తిడతారు. కానీ 2017లో బెల్జియం డాక్టర్లు ఒక రకం సెన్సారు పడని రోగులను పరీక్షిస్తే వేరే సంగతి బయటపడింది. పైనున్న ప్లాస్టిక్ డబ్బీ భాగాలను అతికించడానికి వాడిన ఐసోబోర్నైల్ ఆక్రిలేట్ అనే పదార్థం బంక గుండా చర్మం దాకా దిగుతున్నదని తేలింది. ఆ తరువాత కొన్ని పరికరాల తయారీలో దీనిని మానివేశారు. అందువల్ల ఒక రకం పడనివారికి మరో రకం పడే అవకాశం ఉన్నది. పరికరం పేరు, పట్టీ ఫోటో దగ్గర ఉంచుకుని డాక్టరుకు చూపితే ఆయనకు పని సులువవుతుంది.

ఇంట్లో చేయదగినవి

చేలో పంట మార్చినట్టు ఒంటిమీద చోటు మార్చాలి. పొట్టకు కుడి, ఎడమ, తొడలు, పిరుదుల పైభాగం, ఇలా వరుస పెట్టుకుని గోడ క్యాలెండరు మీద గుర్తు వేసుకోవాలి. పుండు మానని చోట మళ్లీ పెట్టరాదు.

పట్టీ వేసేముందు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు నూనె, పౌడరు పనికిరావు. తీసేటప్పుడు మాత్రం కొబ్బరినూనె మేలు చేస్తుంది. అంచుల వెంట నూనె రాసి కాసేపు ఆగి, ఒక చేత్తో చర్మాన్ని అదిమిపట్టి, రెండో చేత్తో మెల్లగా తీయాలి. తరువాత జిడ్డు పోయేలా కడగాలి.

చర్మానికీ పట్టీకీ మధ్య పొరగా ఉండే ద్రావకాలు, పుండ్లకు వేసే హైడ్రోకొల్లాయిడ్ పట్టీలు మందుల షాపుల్లో దొరుకుతాయి. అవి ఎలా వేయాలో, సూది దిగే చోట ఏం చేయాలో డాక్టరునో నర్సునో అడిగి నేర్చుకోవాలి. పొక్కులమీద పసరు, పసుపు పూయరాదు. గజ్జికీ తామరకూ ఇచ్చే ట్యూబులను షాపులో అడిగి రాయడం ఇంకా చెడ్డది. వాటిలో చాలావాటిలో బలమైన స్టీరాయిడ్ ఉంటుంది. చీము పట్టినా, చుట్టూ వేడిగా వాచినా, జ్వరం వచ్చినా ఆ చోటునుంచి గొట్టం తీసి మరోచోట పెట్టి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పీకి పారేస్తే ప్రమాదం

తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించవలసింది ఇది. బిడ్డ బాధ చూడలేక రాత్రిపూట పంపు పీకి పక్కన పెట్టి, తెల్లారి చూద్దామనుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది. పంపులో పోసేది త్వరగా పనిచేసి త్వరగా అయిపోయే ఇన్సులిన్. అది ఆగిన కొన్ని గంటల్లోనే ఒంట్లో నిల్వ ఉండదు. చక్కెర పెరిగి, రక్తంలో కీటోన్లు చేరతాయి. కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, నోట పండ్ల వాసన వస్తాయి. అజీర్తి అనుకుని సోడా తాగించి కూర్చుంటే బిడ్డ దక్కడం కష్టం.

అందుకే పంపు ఉన్న ఇంట్లో కూడా సూదులు, రోజంతా పనిచేసే ఇన్సులిన్ సిద్ధంగా ఉండాలి. పంపు తీయవలసి వస్తే ఏది ఎంత వేయాలో డాక్టరు చేత ముందే చీటీ రాయించుకోవాలి. చర్మం మానేదాకా కొన్నాళ్లు సూదులకు మళ్లడం ఓటమి కాదు. డాక్టరు సలహాతో వేస్తే ఇన్సులిన్ సూదితో వెళ్లినా, పంపుతో వెళ్లినా చేసే పని ఒక్కటే.

1922 జనవరి 11న కెనడాలోని టొరాంటోలో 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కు తొలి ఇన్సులిన్ సూది వేశారు. ఆ మందు సరిగా పనిచేయలేదు. సూది వేసిన ఒకచోట గడ్డ కూడా లేచింది. డాక్టర్లు వదిలేయలేదు. మందును ఇంకా శుద్ధి చేసి అదే నెల 23న మళ్లీ వేశారు. ఆ కుర్రవాడు కోలుకున్నాడు.

పట్టీ చోట గోకుతున్న బిడ్డను కసరవద్దు. చొక్కా ఎత్తి చూడండి.