శిథిలముల నుండి లేచిన శిఖరములు

జర్మనీ నగరములను చూడబోవు యాత్రికుడు ప్రతి కట్టడము ముందును ఒక ప్రశ్న వేసికొనవలసి యుండును: ఇది పూర్వులు కట్టినదా, కూలిన పిమ్మట మరల కట్టినదా? రెండవ ప్రపంచ యుద్ధమున ఆ దేశపు పెద్ద నగరములలో పెక్కింటిపై బాంబుల వర్షము కురిసినది. మనము ఛాయాచిత్రములలో చూచి ముచ్చటపడు పురాతన వీధులలో కొన్నిటికి మన తాతగారి వయస్సైనను ఉండదు.

కొలోన్ నగరమున రైలు స్టేషను దాటి వెలుపలికి రాగానే, 157 మీటర్ల జంట గోపురములతో కథీడ్రల్ ఎదుట నిలుచును. 1248లో ఆరంభించిన ఈ నిర్మాణము 16వ శతాబ్దిలో ఆగిపోయినది. బరువులెత్తు యంత్రమొకటి అసంపూర్ణ గోపురముపై 300 ఏండ్లకు పైగా అట్లే నిలిచియుండెను. తుదకు మధ్యయుగపు నక్షా దొరుకగా, దాని ననుసరించి 1880లో పూర్తిచేసిరి. యుద్ధములో 14 బాంబులు తగిలినను అది కూలలేదు. చుట్టునున్న నగరము కూలినది.

ఫ్రాంక్‌ఫర్ట్ కథ వేరు. కాళిదాసుని శాకుంతలమును చదివి పరవశించిన మహాకవి గోథే జన్మించిన ఇల్లు అచ్చట కలదు. 1944 మార్చి 22న, సరిగా ఆయన వర్ధంతినాడే, అది నేలమట్టమైనది. సామగ్రిని, గ్రంథములను ముందే సురక్షిత స్థలమునకు తరలించియుండిరి. ఇంటిని యథాతథముగా కట్టుటకు పూనుకొనగా, వాల్టర్ డిర్క్స్ అను రచయిత అభ్యంతరము తెలిపెను. ఇల్లు కూలుటకు జర్మను జాతి నడచిన దారియే కారణము; కావున ఆ వినాశమును తలవంచి అంగీకరింపవలెనని ఆయన వాదము. అది నెగ్గలేదు. 1951 నాటికి ఇల్లు మరల లేచినది. అయినను ఆ వాదమును తేలికగా తోసివేయుటకు వీలులేదు.

బెర్లిన్ వారు మరొక మార్గము త్రొక్కిరి. 1943లో దెబ్బతిన్న కైజర్ విల్హెల్మ్ స్మారక చర్చి మొండిగోపురమును తొలగింప శిల్పి ఎగోన్ ఐయర్‌మన్ తలపెట్టగా, నగరవాసులు ఒప్పుకొనలేదు. గోపురమును అట్లే యుంచి, ప్రక్కన నీలిగాజు పలకలతో కొత్త మందిరమును కట్టి 1961లో ప్రారంభించిరి. ఆ మొండిగోపురమునకు జనులు పెట్టిన ముద్దుపేరు ‘పుచ్చుపన్ను’! భక్తి లేక కాదు. బెర్లిన్ వారి నాలుక అట్టిది.

మ్యూనిక్‌లోని ఆల్టె పినాకొటెక్ చిత్రశాలను చక్కదిద్దిన హాన్స్ డోల్‌గాస్ట్, బాంబు పడి విరిగిన భాగమును సాదా ఇటుకలతో పూడ్చెను. పాత నగిషీని అనుకరింపలేదు. గాయమెచ్చటనో పిల్లవాడైనను వ్రేలితో చూపగలడు. నాకు మిక్కిలి నచ్చిన పద్ధతి ఇదియే.

ఇక డ్రెస్డెన్. మేరీమాత పేర వెలసిన అచ్చటి ఫ్రౌయెన్‌కిర్షె చర్చికి రూపకల్పన చేసినవాడు జార్జ్ బేర్ అను వడ్రంగి మేస్త్రి. 1726లో మొదలై 1743లో ముగిసిన ఆ కట్టడపు రాతిగుమ్మటము బరువు సుమారు 12,000 టన్నులు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి నగరము అంటుకొన్నది. చర్చి మాత్రము నిలిచియుండుట చూచి జనులు ఆశపడిరి. కాని లోపలి స్తంభములు వేడికి పెళుసెక్కియుండెను. 15వ తేదీ ఉదయము గుమ్మటము కుప్పకూలినది. తూర్పు జర్మనీ ప్రభుత్వము ఆ రాళ్లగుట్టను 40 ఏండ్లకు పైగా యుద్ధస్మారకముగా ఉంచినది.

1990లో జర్మనీ ఏకమైన పిమ్మట పునర్నిర్మాణమునకు పూనుకొనిరి. గుట్టలోని రాళ్లను ఒక్కొక్కటిగా తీసి, కొలిచి, వేలాది పాతరాళ్లను కొత్తగోడలలో చేర్చిరి. ఏ రాయి ఎచ్చటిదో తేల్చుటకు కంప్యూటరు తోడ్పడినది. 2005 అక్టోబరు 30న చర్చి తలుపులు తెరచుకొన్నవి. ఎల్బె ప్రాంతపు ఇసుకరాతిలో ఇనుమున్నందున కాలక్రమమున అది నల్లబడును. కావున తెల్లని గోడపై నువ్వులు చల్లినట్లు పాతరాళ్లు నేటికిని కనబడుచున్నవి. కొత్తరాళ్లును మెల్లమెల్లగా నల్లబడుచున్నవి.

శిఖరముపై బంగరు శిలువ లండనులో తయారైనది. దానిని మలచిన స్వర్ణకారుని తండ్రి, ఆనాడు డ్రెస్డెన్‌పై బాంబులు వేసిన విమానచోదకులలో ఒకడు. రాళ్లగుట్టలో 1993లో దొరికిన పాతశిలువ వంకరవోయి లోపలనే యున్నది. సందర్శకులు దానిచెంత క్రొవ్వొత్తులు వెలిగించి పోవుచుందురు.