నట్టలను బీడులోనే ఆపడం

వానలు మొదలైన కొన్నాళ్లకు మందలో కొన్ని గొర్రెలు నీరసించి వెనకబడతాయి. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది. చాలాసార్లు దీనికి కారణం హీమాంకస్ (రక్తం పీల్చే నట్ట). జీవం నాలుగో పొట్టలో ఉండే ఒక్కో నట్ట వల్ల రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. వెయ్యి నట్టలుంటే 50 మిల్లీలీటర్లు.

మందు తాగిస్తే తగ్గుతుంది. కానీ అదే మందు పదేపదే వాడితే దానికి లొంగని నట్టలే మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. థయాబెండజోల్ మందు 1961లో వచ్చింది. 1964కల్లా దానికి లొంగని నట్టలు బయటపడ్డాయి.

అందుకే బీడు వైపు చూడాలి. ఆడ నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికల్లో పడి, తేమా వెచ్చదనమూ ఉంటే వారం పది రోజుల్లో లార్వాలు (పిల్ల పురుగులు) అవుతాయి. మంచు తడి పట్టుకుని గడ్డి పరకలెక్కుతాయి. ఎక్కువ భాగం నేల నుంచి నాలుగైదు అంగుళాల లోపే ఉంటాయి. గడ్డితోపాటు గొర్రె కడుపులోకి వెళ్లేది ఈ దశలోనే.

ఈ దశలో లార్వా ఏమీ తినలేదు. ఒంట్లో దాచుకున్న శక్తితోనే బతకాలి. ఎండ వేడికి ఆ శక్తి త్వరగా కరిగిపోతుంది. చలిదేశాల్లో నెలల తరబడి బతికేది వేడి ప్రాంతాల్లో కొన్ని వారాలకే చస్తుంది. మనకు పెద్ద అనుకూలత ఇదే. పసిఫిక్ దీవుల దేశం టోంగాలో బీడును పది ముక్కలు చేసి, ఒక్కోదాంట్లో మేకలను మూడున్నర రోజులే మేపారు. తిరిగి మొదటి ముక్కకు వచ్చేసరికి నెల దాటేది. ఒకేచోట మేసిన మేకలకన్నా వీటిలో నట్టలు బాగా తగ్గాయి.

మన కాపరులకు సొంత బీళ్లు అరుదు, కంచెలు కుదరవు. అయినా మందను తోలే దిక్కు మార్చవచ్చు. పంట కాలంలో జీవాలు తొక్కని వరి మళ్లు కోతయ్యాక మేపడానికి మేలు. మంచు ఆరాక తోలాలి. గడ్డిని మొదలంటా కొరకనివ్వకూడదు. గొర్రెలు మేసిన చోట పెద్ద పశువులను మేపితే అవి మింగిన లార్వాలు చాలావరకు ఎదగవు. తుమ్మ, సుబాబుల్ రొట్ట ఎత్తున ఉంటుంది కాబట్టి అక్కడికి లార్వాలు చేరవు.

దక్షిణాఫ్రికాలో రూపొందిన ఫమాచా పట్టిక (కనురెప్ప రంగుల అట్ట) మరో సాయం. రెప్ప లోపలి పొర ఎర్రగా ఉంటే మందు అక్కర్లేదు, పాలిపోతే తప్పదు. సాధారణంగా మందలో కొద్ది జీవాల్లోనే ఎక్కువ నట్టలుంటాయి. వాటికే మందు పోస్తే, మిగతా వాటిలోని మందుకు లొంగే నట్టలు బీడులో కలుస్తూ ఉంటాయి. మొండి నట్టల సంఖ్య పెరగడం ఆలస్యమవుతుంది.