గట్టు క్రింది గాదె : పందికొక్కు జీవితము

మన పల్లెలలో పందికొక్కు నెరుగనివా రుండరు. అయినను నేలక్రింద దాని సంసారము ఎట్టిదో ఎరిగినవారు తక్కువ. శత్రువు ఇల్లు తెలియక పోరుట వ్యర్థము గనుక, ఆ విషయమును పంచాయతీ సభ్యులకు విన్నవింపదలచితిమి.

ఆంగ్లేయులు వాడు 'బాండికూట్' అను మాట మన 'పందికొక్కు' నుండి పుట్టినదే. ఇండ్ల చెంత తిరుగు పెద్దజాతి ఒకటి, పైరును పాడుచేయు చిన్నజాతి వేరొకటి కలవు. ఈ చిన్నజాతి సుమారు పావుకిలో తూగును. కోపము వచ్చినపుడు వీపు రోమములు నిక్కించి గుర్రుమనును.

ఇది పగలు కలుగులో నుండి రాత్రివేళ మేతకు వెడలును. గోళ్ళతోను పండ్లతోను మట్టిని పెకలించి వెలుపలికి నెట్టును. గట్టుపై కానవచ్చు వదులుమట్టి కుప్పయే దాని గుర్తు. లోపల సొరంగము పలుశాఖలుగా చీలును. ఒక అరలో గడ్డి పరచి పిల్లలను పెట్టును. మరియొక అర దాని గాదె. అందు కిలోకు పైగా ధాన్యము దొరకుటయు కలదు. వాకిలిని మట్టితో మూసికొనును. ఆపదలో పారిపోవుటకై పలుచని మట్టిపొర కప్పిన దొడ్డిదారులను గూడ ఉంచుకొనును.

ఆడది సుమారు 3 వారములు మోసి, ఈతకు 5 మొదలు 10 వరకు పిల్లలను పెట్టును. అవి 3 నెలలకే ఈనికకు వచ్చును. తినునది కొంచెము, కొరికి పడవేయునది ఎక్కువ. కలుగులు పడిన గట్టున నీరు నిలువదు. కాలువగట్టు సైతము బలహీనపడును.

ఒక రైతు తన చేనిని శుభ్రపరచినను, ప్రక్క చేనిలోనివి వచ్చి ఆ ఖాళీ కలుగులను ఆక్రమించును. పందికొక్కునకు సరిహద్దురాళ్ళు లేవు. కావున ఇది ఒకరి పని కాదు, ఊరి పని. పంచాయతీ ఒక దినమును నిర్ణయించి, పొలములతోపాటు కాలువగట్లను, బంజరులను గూడ చేర్చవలెను.

పైరు పొట్టకు రాకముందే ఇది జరుగవలెను. కంకులు వచ్చిన పిమ్మట అది ఎరను ముట్టదు. ముందుగా సాయంకాలము కలుగులన్నిటిని మూయవలెను. తెల్లవారునప్పటికి తెరచుకొన్నవే కాపురమున్నవి. వానిలో గడ్డిపొగ పెట్టవచ్చును. లేదా 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమోడయోలోన్ 0.25 శాతపు మందు కలిపి, 15 గ్రాముల పొట్లములుగా కట్టి లోపల ఉంచవచ్చును. మందును పిల్లలకు, పశువులకు అందనీయరాదు. చచ్చినవానిని పాతిపెట్టవలెను, లేనిచో వానిని తిన్న గుడ్లగూబలకును హాని కలుగును. కలుగులో పాము లుండవచ్చును గనుక చేయి పెట్టరాదు.

కలుగులను త్రవ్వి ఎలుకలను పట్టుటలో నెల్లూరు ప్రాంతపు యానాదులు ఆరితేరినవారు. అట్టి నేర్పరులున్న చోట తగిన కూలి యిచ్చి వారి సహాయమును పొందుట మేలు. గుడ్లగూబను, జెర్రిపోతును చంపకుండుటయు ఇందులో భాగమే. గట్లను సన్నముగా, కలుపు లేకుండ ఉంచినచో కలుగులకు చోటు తగ్గును.

రానున్న గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టుడని మా మనవి. గట్టుక్రింది గాదె నిండినకొలది మన గాదె వెలితి యగును.