డెబ్బై బై తొంభై: ఒక ఇంజను ఆయుర్దాయం

2019 ఆఖరున బుల్లెట్ నడిపేవాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒకటే మాట: "ఫైవ్ హండ్రెడ్ ఆపేస్తున్నారట, నిజమేనా?" చెన్నైలో తయారయ్యే బండి గురించిన ఆ వదంతి చివరికి నిజమే అయింది. 2020 ఫిబ్రవరిలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 'ట్రిబ్యూట్ బ్లాక్' పేరుతో క్లాసిక్ 500 ఆఖరి బళ్లు కొన్నిటిని నల్లరంగులో విడుదల చేసి, 500 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజనుకు వీడ్కోలు చెప్పింది.

ఒక మోడల్ ఆగిపోయింది అన్నప్పుడు అసలు ఆగేది ఏమిటి? ట్యాంకు మీది పేరా, బండి ఆకారమా, లోపలి ఇంజనా? బుల్లెట్ కుటుంబం విషయంలో జవాబు దొరకాలంటే రెండు అంకెలు పట్టుకోవాలి: 70, 90. 350 బుల్లెట్ సిలిండర్ లోపలి వ్యాసం 70 మిల్లీమీటర్లు. అందులో పిస్టన్ పైనుంచి కిందికి దిగే దూరం 90 మిల్లీమీటర్లు. మొదటిది బోర్, రెండోది స్ట్రోక్. వాటితో లెక్కకడితే వచ్చేదే 346 సీసీ. 1949లో ఇంగ్లండులో వచ్చిన బుల్లెట్ కొలత అదే, 2023 దాకా చెన్నైలో తయారైన బుల్లెట్ కొలతా అదే. మధ్యలో ఇనుము పోయి అల్యూమినియం వచ్చింది. కార్బురేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. గేరు కుడికాలి కింద నుంచి ఎడమకాలి కిందికి మారింది. ఆ రెండంకెలు మాత్రం డెబ్బై ఏళ్ల పైచిలుకు కదల్లేదు.

రెడ్డిచ్ నుంచి తిరువొత్తియూరుకి

బర్మింగ్‌హామ్‌కు దగ్గర్లోని రెడ్డిచ్ సూదుల తయారీకి పేరుపడ్డ ఊరు. ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల కర్మాగారానికి విడిభాగాలు చేసిపెట్టిన సంస్థ ఒకటి అక్కడే సైకిళ్లు, ఆ తర్వాత 1901లో మోటారు సైకిలు చేసింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ అనే పేరు అలా వచ్చిందే. 1932లో ఆ సంస్థ ఒక మోడల్‌కు బుల్లెట్ అని పేరుపెట్టింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన కొత్త బుల్లెట్లో ముఖ్యమైన మార్పు వెనక చక్రం దగ్గర జరిగింది. అప్పటిదాకా చాలా బళ్లలో వెనక చక్రాన్ని ఛాసిస్‌కు కదలకుండా బిగించేవారు. గుంట వస్తే దెబ్బ నేరుగా నడిపేవాడి వెన్నుకే తగిలేది. కొత్త బుల్లెట్లో ఆ చక్రాన్ని పైకీ కిందికీ ఊగే చేతికి తగిలించి, దానికి షాక్ అబ్జార్బర్లు పెట్టారు.

రోడ్లే సరిగా లేని సరిహద్దుల్లో గస్తీకి బండి వెతుకుతున్న భారత సైన్యానికి అలాంటిదే కావాల్సి వచ్చింది. 1952లో బుల్లెట్లకు ఆర్డరు వచ్చింది. మద్రాస్ మోటార్స్ సంస్థ వాటిని తెప్పించి ఇచ్చింది. 1955లో ఆ సంస్థా రెడ్డిచ్ సంస్థా కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. కర్మాగారం వెలసింది మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో, త్యాగరాజస్వామి త్రిపురసుందరి మీద తెలుగులో పంచరత్న కీర్తనలు కూర్చిన క్షేత్రంలో. మొదట్లో ఇంగ్లండు నుంచి విడిభాగాలు ఓడల్లో వచ్చేవి, ఇక్కడ బిగించేవారు. 1962 నాటికి ప్రతి భాగమూ ఇక్కడే తయారవసాగింది.

ఆ పని సకాలంలో జరిగింది కాబట్టే బుల్లెట్ బతికింది. 1967లో రెడ్డిచ్ కర్మాగారం మూతపడింది, 1970లో ఇంగ్లండులో ఉత్పత్తే ఆగిపోయింది. పుట్టినచోట ఆగిపోయిన బండికి అచ్చులూ నమూనాలూ పని తెలిసిన మనుషులూ మద్రాసులో మిగిలారు. 1977లో ఆ బండినే ఇక్కడినుంచి ఇంగ్లండుకు ఎగుమతి చేయడం మొదలుపెట్టారు.

తొంభై మిల్లీమీటర్ల మహిమ

తిరగలి తిప్పినవాళ్లకు తెలుసు, పిడి నడిమి నుంచి ఎంత దూరంగా ఉంటే రాయి అంత తేలిగ్గా తిరుగుతుంది. ఇంజనులో పిస్టన్ కింద ఉండే క్రాంక్ కూడా అలాంటిదే. స్ట్రోక్ 90 మిల్లీమీటర్లయితే క్రాంక్ పిడి నడిమికి 45 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. పేలుడు నెట్టిన నెట్టుకు అంత పొడవైన పిడి దొరికితే, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నా చక్రానికి బలం చాలినంత అందుతుంది. దీనికి తోడు బరువైన ఫ్లైవీల్. కుమ్మరి సారెను కర్రతో ఒకసారి తిప్పి వదిలితే కుండ తయారయ్యేదాకా తిరిగినట్టు, ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య ఇంజనును ఆగనివ్వకుండా తిప్పేది ఈ ఫ్లైవీలే. మూడో గేరులో బాగా నెమ్మదిగా నడిపించినా బుల్లెట్ ఆగిపోకపోవడానికి కారణం ఇది.

దాని శబ్దానికి మూలం నెమ్మదిగా తిరిగే ఒక్క సిలిండరే. నాలుగు దశల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారే పేలుడు. బండి నిలబడి నిమిషానికి 900 చుట్లు తిరుగుతుంటే, ఒక్క సిలిండరే కాబట్టి సెకనుకు ఏడున్నర పేలుళ్లు. ఆ దెబ్బలు దేనికది విడిగా చెవికి తెలుస్తాయి. అదే వేగంతో తిరిగే నాలుగు సిలిండర్ల కారు ఇంజనులో సెకనుకు 30 పేలుళ్లు. అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే మోతగా వినిపిస్తాయి. వీధి మలుపులోనే "బుల్లెట్ వస్తోంది" అని పోల్చుకోగలిగామంటే, మనకు తెలియకుండానే చెవి ఆ దెబ్బల్ని లెక్కపెడుతోందన్నమాట.

ఆ పొడుగు స్ట్రోక్‌కు మూల్యమూ ఉంది. ఒక్క చుట్టుకు పిస్టన్ 180 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. నిమిషానికి 5,000 చుట్లంటే సగటున సెకనుకు 15 మీటర్లు, అదీ చుట్టుకు రెండుసార్లు పూర్తిగా ఆగి వెనుదిరుగుతూ. అంతకంటే బాగా వేగంగా తిప్పడం భాగాలకు భారం. పాత 350 శక్తి 18 హార్స్‌పవర్ దగ్గర ఆగిపోవడానికి ఇదొక కారణం.

కిక్ కొట్టడానికీ ఒక పద్ధతి ఉండేది. హెడ్‌లైటు దగ్గర చిన్న ఆంపియర్ మీటరు. కిక్‌ను మెల్లగా తొక్కుతుంటే దాని ముల్లు పక్కకు జరిగి, ఒకచోట మళ్లీ మధ్యకు వచ్చేది. పాయింట్లు విడిపోయి కాయిల్‌కు కరెంటు ఆగిందనీ, పిస్టన్ కంప్రెషన్ కొసకు చేరిందనీ అది గుర్తు. అప్పుడు సిలిండరులోని ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషన్ లీవరు నొక్కి పిస్టన్‌ను ఆ కొస దాటించి, వదిలి, ఒకే ఊపున తొక్కాలి. ముల్లును చూడకుండా తొందరపడ్డవాడి కాలిని కిక్ వెనక్కి తన్నేది.

పోత ఇనుముకు సెలవు

2000 నాటికి మరో వదంతి, ఈసారి సంస్థ మొత్తం గురించి. 1994 నుంచి ఎన్‌ఫీల్డ్ ఐషర్ సంస్థలో భాగం. నెలకు 6,000 బళ్లు చేయగలిగినా రెండువేల దాకానే అమ్ముడుపోతున్నాయి. అమ్మేయడమో మూసేయడమో అన్న చర్చ వచ్చినప్పుడు, ఐషర్ యజమానుల కుటుంబానికి చెందిన ఇరవై ఆరేళ్ల సిద్ధార్థ లాల్ రెండేళ్ల గడువు అడిగి బాధ్యత తీసుకున్నారు. జైపూర్ కర్మాగారాన్ని మూసి, పనంతా చెన్నైకి చేర్చారు.

అంతకుముందే ఇంజను మార్పు మొదలైంది. పాత ఇంజను సిలిండరు పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఇనుముకంటే రెండింతలు వ్యాకోచిస్తుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడే రెండిటి మధ్యా కాస్త ఎక్కువ ఖాళీ వదలాలి, లేకపోతే ఎండలో దూరం వెళ్లిన పిస్టన్ సిలిండరులో బిగుసుకుపోతుంది. ఖాళీ వదిలితే అందులోంచి ఆయిల్ పైకెక్కి పెట్రోలుతో కలిసి కాలుతుంది. పైగా పోత ఇనుము వేడిని బయటికి పంపడంలో మందకొడి. అల్యూమినియం మిశ్రమాలు ఆ పని దాదాపు మూడింతలు చురుగ్గా చేస్తాయి. ఆస్ట్రియాకు చెందిన ఏవీఎల్ సంస్థ సాయంతో ముందు అల్యూమినియం ఇంజను వచ్చింది. తర్వాత గేర్‌బాక్సునూ ఇంజనునూ ఒకే పెట్టెలో పోతపోసిన కొత్త ఇంజను వచ్చింది. 2009లో మనదేశంలో అడుగుపెట్టిన క్లాసిక్‌లో ఉన్నది అదే. వాల్వుల్ని కదిపే ట్యాపెట్ల సందును ఆయిల్ ఒత్తిడే సరిచూసుకునే ఏర్పాటు దానిలో ఉంది. కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ 2010 ప్రాంతంలో పోత ఇనుము ఇంజను ఉత్పత్తి నుంచి తప్పుకుంది. ఇంత మారినా 350లో బోరు 70, స్ట్రోకు 90. 500లో బోరు 84, స్ట్రోకు మళ్లీ 90.

పందెపు బిడ్డ

ఈ కుటుంబంలో స్పోర్ట్స్ బండి కూడా ఉంది. ఇంగ్లండులో 1961 నుంచి, లైసెన్సు కోసం నేర్చుకునేవాళ్లు 250 సీసీ దాటిన బండి నడపకూడదన్న నిబంధన ఉండేది. ఆ కుర్రకారు కోసం 1964లో రెడ్డిచ్ సంస్థ కాంటినెంటల్ జీటీ 250 తెచ్చింది. బ్రిటన్ ఒక కొసనుంచి మరో కొసకు పత్రికల వాళ్లు మార్చుకుంటూ దాన్ని 24 గంటల్లోపే నడిపించారు. రెడ్డిచ్ మూతతో ఆ పేరు మూగబోయింది.

2013లో చెన్నై శివారు ఒరగడంలో కొత్త కర్మాగారం మొదలైన ఏడాదే ఆ పేరు మళ్లీ పలికింది. కాంటినెంటల్ జీటీ 535కి ఛాసిస్ రూపొందించింది ఇంగ్లండుకు చెందిన హారిస్ పెర్ఫార్మెన్స్. ఇంజను మాత్రం మన పాతదే, బోరు 87కు పెంచిన సింగిల్. స్ట్రోకు మళ్లీ 90. ముందుకు వంగి కూర్చునే హ్యాండిలూ, ఒంటి సీటూ, ఎర్రటి ట్యాంకూ చూసి ముచ్చటపడి కొన్నవాళ్లు చాలామంది. వేగంగా తోలినప్పుడు చేతుల్లోకి పాకే అదురు మాత్రం ఆ పొడుగు స్ట్రోక్ హద్దును గుర్తుచేసేది.

2018లో వచ్చిన కాంటినెంటల్ జీటీ 650 ఆ హద్దును దాటింది. రెండు సిలిండర్లు, బోరు 78, స్ట్రోకు 67.8. పిస్టన్ ప్రయాణం తగ్గింది, ఇంజను పైకి స్వేచ్ఛగా తిరిగింది, శక్తి 47 హార్స్‌పవర్‌కు చేరింది. స్పోర్ట్స్ బండి నిజంగా స్పోర్ట్స్ బండి కావాలంటే తొంభైని వదులుకోవాల్సి వచ్చింది. ఆ రాకతో 535 తప్పుకుంది. 500కూ గడియ దగ్గరపడింది.

గాలి చెప్పిన తీర్పు

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణానికి సరిపడని కొత్త బండి అమ్మకూడదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులోనే చెప్పింది. ఈ ప్రమాణం అందుకోవడానికి సైలెన్సరులో క్యాటలిటిక్ కన్వర్టరు కావాలి. పెట్రోలు ఒక పాలు, గాలి 14.7 పాళ్లు ఉన్నప్పుడే అది మూడు రకాల విషవాయువుల్నీ ఒకేసారి శుద్ధిచేయగలదు. ఆ పాళ్లు తప్పకుండా పొగలోని ఆక్సిజన్‌ను ఒక సెన్సరు క్షణక్షణం కనిపెట్టి ఇంజెక్షన్‌కు చెబుతుండాలి. 500ను ఆ స్థాయికి తేవాలంటే మళ్లీ పెట్టుబడి పెట్టాలి. కొనేవాళ్లేమో ఎక్కువగా 350 వైపో, ఇంకొంచెం డబ్బు కలిపి 650 వైపో వెళ్లిపోయారు. అలా 500 ఆగింది. అభిమానిగా బాధ ఉన్నా, పిల్లలు పీల్చే గాలిని దృష్టిలో పెట్టుకుంటే ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేను.

బుల్లెట్ 350 మాత్రం ఇంజెక్షన్ పెట్టుకుని మరో మూడేళ్లు నిలిచింది. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త బుల్లెట్ 350 బోరు 72, స్ట్రోకు 85.8. సీసీలు 349. అదురు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్టు ఇంజను లోపలే తిరుగుతోంది. ఇప్పటికీ ఒక్క సిలిండరే, స్ట్రోకు ఇప్పటికీ బోరుకంటే పొడుగే కాబట్టి ఆ గుండెచప్పుడు నిలిచింది. డెబ్బై బై తొంభై మాత్రం ఆ నెలతో చరిత్రలో కలిసింది. 500 ఆగుతుందని ఊరంతా మాట్లాడుకుంది. డెబ్బై నాలుగేళ్ల ఈ కొలత వెళ్లిపోయినప్పుడు మాత్రం పెద్ద సందడి లేదు, ఎందుకంటే ట్యాంకు మీద బుల్లెట్ అన్న పేరు అలాగే ఉంది. 2021లో 'బుల్లెట్టు బండి' పాట మోగని తెలుగు పెళ్లి ఊరేగింపు అరుదు. పేరుకు లోటు రాదు.

లోటు వచ్చేది చేతుల్లోని విద్యకు. తిరువొత్తియూరులో ట్యాంకు మీద బంగారు గీతల్ని కుంచెతో, అచ్చు లేకుండా గీసిన అన్నదమ్ములది అలాంటి విద్య. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి, ఏ ట్యాపెట్ వదులైందో చెప్పే మెకానిక్‌ది అలాంటి విద్య. కొత్త ఇంజను లోపాన్ని కంప్యూటరు చెబుతుంది, అది మంచిదే. కానీ రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న పోత ఇనుము బళ్లకు వైద్యం తెలిసిన చెవులు ఏటేటా తగ్గుతున్నాయి. మన ఐటీఐలలో ఒక పాత బుల్లెట్ ఇంజను బల్లమీద ఉండాలనీ, దాన్ని విప్పి బిగించే ఆ పాత మెకానిక్కుల్లో ఒకరిని పిలిపించి పిల్లల చేత కిక్ కొట్టించాలనీ నా కోరిక. ముల్లు మధ్యకు వచ్చేదాకా ఎందుకు ఆగాలో తన కాలితో తెలుసుకున్న పిల్ల, ఇంజను అంటే ఏమిటో జన్మలో మరిచిపోదు.