పిల్లల చదువులో కృత్రిమ మేధ: సంఘం చేయవలసిన పని

మన పిల్లల చదువులోకి ఒక కొత్త పాఠం వస్తోంది. కృత్రిమ మేధను, దానితోపాటు ‘కంప్యుటేషనల్ థింకింగ్’ను 2026-27 విద్యా సంవత్సరం నుంచి 3వ తరగతి మొదలుకొని బోధించాలన్న నిర్ణయాన్ని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. పాఠ్యప్రణాళిక తయారీకి ఐఐటీ మద్రాసు ఆచార్యులు కార్తీక్ రామన్ అధ్యక్షతన సీబీఎస్ఈ నిపుణుల కమిటీని నియమించింది. 2019-20లో 9వ తరగతికి ఐచ్ఛికాంశంగా మొదలైన చదువు ఇప్పుడు ఎనిమిదేళ్ల పిల్లల దగ్గరకు వస్తోంది. ఈ వార్త విని సంతోషించే తల్లిదండ్రులూ ఉన్నారు, భయపడేవారూ ఉన్నారు. ముందుగా ఇదేమిటో తెలుసుకుందాం.

కంప్యుటేషనల్ థింకింగ్ అంటే సమస్యను క్రమపద్ధతిలో విడదీసి పరిష్కరించే ఆలోచనా విధానం. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టడం, వాటిలో పోలికలు గుర్తించడం, అక్కరలేని వివరాలు పక్కనబెట్టడం, ఎవరు చేసినా ఒకే ఫలితం వచ్చేలా మెట్లు వరుసగా రాసుకోవడం ఇందులో ముఖ్యమైనవి. చదవడం, రాయడం, లెక్కలు చేయడం లాగే ఇది ప్రతి బిడ్డకూ రావలసిన విద్య అని జెనెట్ వింగ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 2006లో వాదించారు.

నిర్గమకాండము 18వ అధ్యాయం మనకు తెలిసినదే. ఉదయం నుంచి సాయంత్రం వరకు మోషే ఒక్కడే కూర్చుని ప్రజలందరి తగవులూ తీరుస్తుంటే, అది చూసిన మామ యిత్రో ఒక సలహా ఇచ్చాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి నమ్మకస్థులైన అధికారులను ఏర్పరచి, చిన్న వ్యాజ్యాలు వారికి అప్పగించి, కష్టమైనవి మాత్రమే నీ దగ్గరకు రానివ్వమన్నాడు. బైబిలు కంప్యూటర్ పాఠం చెబుతోందని మేము అనడం లేదు. మోయలేని భారాన్ని విడదీసి, క్రమం ఏర్పరచడం మనకు పరాయి ఆలోచన కాదని మాత్రమే గుర్తుచేస్తున్నాము.

దీన్ని నేర్పడానికి కంప్యూటరే ఉండాలన్న నియమం కూడా లేదు. ఆరాధనలో పాట నంబరు చెప్పగానే పిల్లవాడు పుస్తకాన్ని మధ్యకు తెరుస్తాడు. కావలసిన నంబరు చిన్నదైతే ముందు సగంలో, పెద్దదైతే వెనుక సగంలో మళ్లీ మధ్యకు తెరుస్తాడు. ఇలా ప్రతిసారీ సగానికి సగం వదిలేస్తూ పోతే, వెయ్యి పాటల పుస్తకంలోనైనా పదిసార్లలోపే పాట దొరుకుతుంది. కంప్యూటర్లు వరుసలో ఉన్న సమాచారాన్ని వెదికే పద్ధతుల్లో ఇదొకటి. ఆదివార బడిలో ఐదు నిమిషాల ఆటగా నేర్పవచ్చు.

ఇక కృత్రిమ మేధ సంగతి. మనతో మాట్లాడే ఈ యంత్రాలు కోట్లాది వాక్యాలను చూసి, ఏ మాట తరువాత ఏ మాట రావచ్చో అంచనా వేయడం నేర్చుకున్నాయి. అందుకే చక్కగా రాస్తాయి. అదే కారణాన, లేని విషయాన్ని కూడా ఉన్నట్టే ధీమాగా చెబుతాయి. బైబిలు వచనం అడిగితే తప్పు అధ్యాయం చూపిన సందర్భాలున్నాయి. క్రమంగా ఆలోచించడం నేర్చుకున్న బిడ్డ ఆ జవాబును సరిచూస్తుంది. నేర్చుకోని బిడ్డ దాన్నే నోటుపుస్తకంలోకి ఎక్కిస్తుంది. కాబట్టి ముందు ఆలోచన, తరువాత యంత్రం అన్న వరుస తప్పకూడదు.

మా అసలు ఆందోళన ఇక్కడే ఉంది. పట్టణాల్లోని పెద్ద బడుల్లో ల్యాబులు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉంటారు. పల్లెలో కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డకు ఒక ఫోను మాత్రమే దొరుకుతుంది. ఒకరికి ఆలోచించే విద్య, మరొకరికి సిద్ధమైన జవాబులు అందితే ఆ దూరం జీవితాంతం ఉంటుంది. 1842లో గుంటూరు చేరిన ఫాదర్ హేయర్, 1843లో మచిలీపట్నంలో బడి తెరిచిన రాబర్ట్ నోబుల్ కాలం నుంచి తెలుగునాట మిషనులు బడులు నడిపాయి. అక్షరానికి దూరంగా ఉంచబడిన ఎన్నో కుటుంబాలకు తరువాతి కాలంలో ఆ మిషను బడులే చదువు చెప్పాయి. ఆ వారసత్వం గల సంఘాలు ఈ సమయంలో చూస్తూ ఊరుకోరాదు.

సంఘాలు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. మన యాజమాన్యంలోని బడులు యంత్రాలు కొనడానికి ముందు ఉపాధ్యాయుల శిక్షణకు డబ్బు కేటాయించాలి. సంఘంలోని ఇంజనీరింగ్ విద్యార్థులు, కంప్యూటర్ ఉద్యోగులు వారానికి ఒక సాయంత్రం పిల్లలకు తెలుగులోనే ఈ విషయాలు చెప్పవచ్చు. పిల్లల ఫొటోలు, పేర్లు, ఇంటి వివరాలు ఈ సేవల్లో పెట్టకుండా తల్లిదండ్రులు జాగ్రత్తపడాలి. 18 ఏళ్లలోపు వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. పిల్లలు తమ దుఃఖాలు, భయాలు యంత్రానికి చెప్పుకునే స్థితి రాకుండా వారి మాట వినే పెద్దలు ఇంట్లోనూ సంఘంలోనూ ఉండాలి.

వచ్చే సంఘ కమిటీ సమావేశంలో కాపరులు, పెద్దలు ఈ విషయాన్ని చర్చకు పెట్టాలని మా మనవి. మీ ఊరి బడిలో ఈ పాఠం ఎవరు చెప్పబోతున్నారో, వారికి ఏ సహాయం కావాలో వెళ్లి అడగండి. పిల్లలకు వివేచన అనుగ్రహించుమని ప్రార్థించే మనం, ఆ వివేచన నేర్పే ఉపాధ్యాయులకు కూడా తోడుగా నిలబడదాం.