రాజీనామా రాస్తే భృతి రాదు: సంతకం పెట్టే ముందు ఇవి తెలుసుకోండి

కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రైవేటు ఆస్పత్రులు, షోరూంలు, ఫ్యాక్టరీల్లో పనిచేసే చాలామంది జీతంలో నెలనెలా ఈఎస్ఐ కట్ అవుతుంది. అది మందులు, ఆపరేషన్లకే అనుకుంటారు. నౌకరి పోతే కొంత భృతి కూడా అందులో ఉంది. కాకపోతే ఒక షరతు: నౌకరి పోయి ఉండాలి, మనమే వదిలేసి ఉండకూడదు.

ఈ భృతి పేరు ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’. 2018 జూలై 1న మొదలైంది. సగటు రోజు సంపాదనలో మొదట 25 శాతం ఇచ్చేవారు, కరోనా కాలంలో 50 శాతం చేశారు. గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారే. రోజు సంపాదన 500 రూపాయలైతే రోజుకు 250 చొప్పున మొత్తం 22,500 వస్తుంది. గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్న పథకం కాబట్టి, ఇప్పుడు అమల్లో ఉందో లేదో ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడిగాకే దరఖాస్తు చేయాలి.

ఎవరికి రాదు?

తమంతట తాము పని మానేసినవారికి, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవారికి, క్రమశిక్షణ చర్య కింద తొలగించినవారికి, రిటైరైనవారికి రాదు.

చిక్కు ఇక్కడే వస్తుంది. పనిలోంచి తీసేస్తూ కూడా ‘మీరే రిజైన్ లెటర్ ఇవ్వండి, సెటిల్‌మెంట్ తొందరగా చేస్తాం’ అంటారు కొందరు యజమానులు. ఆ కాగితం మీద సంతకం పెడితే రికార్డులో మీరే వెళ్లిపోయినట్టు అవుతుంది. ఈఎస్ఐ లెక్కల్లో యజమాని కారణం కూడా నమోదు చేస్తాడు. ‘లెఫ్ట్ సర్వీస్’ వేరు, ‘రిట్రెంచ్‌మెంట్’ వేరు.

దుబాయ్‌లోనూ అంతే

యూఏఈలో 2023 జనవరి నుంచి ఉద్యోగ నష్ట బీమా తప్పనిసరి. మూల వేతనం 16,000 దిర్హాముల లోపు ఉంటే నెలకు 5 దిర్హాములు కట్టాలి. కనీసం 12 నెలలు కట్టినవారిని కంపెనీ తీసేస్తే మూల వేతనంలో 60 శాతం, మూడు నెలల వరకు ఇస్తారు. 30 రోజుల్లోపు క్లెయిమ్ వేయాలి. రాజీనామా చేసినా, దేశం విడిచి వచ్చేసినా రాదు.

ఏం చేయాలి?

తీసేస్తున్నారని తెలిస్తే రాతపూర్వకంగా తొలగింపు లేఖ అడగండి. బలవంతంగా సంతకం పెట్టించుకుంటే ఆలస్యం చేయకుండా కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. జీతం స్లిప్పులు, ఈఎస్ఐ నంబరు దాచుకోండి.

నిజంగానే ఇష్టపడి మానేసినా అన్నీ పోవు. పీఎఫ్ మీ సొమ్మే. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ హక్కు ఉంటుంది. కట్టిన చందాను బట్టి ఈఎస్ఐ వైద్యం కూడా కొన్ని నెలలు కొనసాగుతుంది. ఈ భృతి మాత్రం రాదు.