సోలో గుండెచప్పుడు

బ్యాటరీ నిండా ఉంది. ఆకాశం తేటగా ఉంది. మైదానంలో అడ్డొచ్చేవాళ్లు లేరు. అయినా డ్రోన్ లేవదు. డ్రోన్‌లో ఒక వెర్షన్, రిమోట్‌లో ఇంకో వెర్షన్ సాఫ్ట్‌వేర్ ఉన్నాయి మరి. సోలో అనే డ్రోన్ కొన్నవాళ్లకు ఇది తెలిసిన కష్టమే. రెండూ ఒకటైతే తప్ప ఎగరనివ్వకుండా తాళం వేసుకునేలా దాన్ని తయారుచేశారు.

సోలోను 2015 ఏప్రిల్‌లో అమెరికాలోని త్రీడీ రోబోటిక్స్ ప్రకటించింది. వైర్డ్ పత్రిక అప్పటి సంపాదకుడు క్రిస్ ఆండర్సన్, మెక్సికోలో పుట్టిన యువకుడు జోర్డి మున్యోజ్ కలిసి 2009లో పెట్టిన సంస్థ అది. నాలుగు మోటార్లు, కడుపు కింద గోప్రో కెమెరాకు చోటు, కెమెరా కాకుండా అప్పటి ధర 999.95 డాలర్లు. ఎగిరే పనంతా పిక్స్‌హాక్ బోర్డు మీద నడిచే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. దాని పక్కనే ఒక లినక్స్ కంప్యూటర్, రిమోట్‌లోనూ అలాంటిదే ఇంకొకటి. రెండింటికీ మధ్య వైఫై.

ఆ వైఫై మీద నడిచే భాష పేరు మావ్‌లింక్. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్‌లో చదువుకుంటూ లోరెంజ్ మేయర్ దీన్ని తయారుచేసి, 2009లో అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. సెకనుకోసారి డ్రోన్ ‘నేనున్నాను’ అని చిన్న సందేశం పంపుతుంది. దాని పేరే హార్ట్‌బీట్. నాకు బాగా నచ్చేది మాత్రం ప్రతి సందేశం చివరా ఉండే రెండు బైట్ల సరిచూపు సంఖ్య. సందేశంలోని అంకెలతో పాటు, ఏ గడి తర్వాత ఏ గడి వస్తుందన్న వరసను కూడా ఆ లెక్కలో కలుపుతారు. ఒకవైపు వరస మారి రెండోవైపు పాతదే ఉంటే లెక్క కుదరదు, సందేశం చెత్తబుట్టలో పడుతుంది. ఎత్తు అంకెను వేగం అనుకుని మోటార్లు తిప్పడం కన్నా అది వెయ్యి రెట్లు నయం. తర్వాత వచ్చిన మావ్‌లింక్ రెండో వెర్షన్‌లో సందేశం మొదటి బైటే మారింది: 254 పోయి 253 వచ్చింది. 254 కోసం కాచుకుని కూర్చున్న పాత ప్రోగ్రాముకు 253తో వచ్చేదంతా వట్టి రొద.

2016లో సంస్థ ఇలాంటి డ్రోన్ల తయారీ మానేసింది. గోప్రో హీరో 5 ఆకారం మార్చుకుని వచ్చేసరికి అది సోలోలో కెమెరాను పట్టి ఉంచే గింబల్‌లో పట్టలేదు. మామూలుగా అయితే సోలో కథ అక్కడితో ముగిసేది. కానీ దాని సాఫ్ట్‌వేర్ బయటివాళ్లకు అందింది. వాడేవాళ్లే పూనుకుని ఓపెన్ సోలో అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశారు, సోలెక్స్ లాంటి యాప్‌లు వచ్చాయి. అసలు చిక్కు ఇంకోచోట ఎదురైంది. పాత బోర్డు మోటారు కంట్రోలర్లకు పంపేది 3.3 వోల్టుల సంకేతం. కొత్త ఆర్డుపైలట్‌తో భద్రంగా ఎగరాలంటే 5 వోల్టులు కావాలి. అందుకని ఔత్సాహికులు డ్రోన్ విప్పి పాత బోర్డు తీసేసి, గ్రీన్ క్యూబ్ అనే ఆకుపచ్చ పెట్టె బిగించుకున్నారు. కన్నసంస్థ వదిలేసిన యంత్రాన్ని అలా బతికించుకున్నారు.

డ్రోన్ కొనేటప్పుడు ఎంతదూరం పోతుంది, ఎంతసేపు ఎగురుతుంది అని అందరూ అడుగుతారు. కంపెనీ చేతులెత్తేసిన రోజున దీని సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉంటుందో కూడా దయచేసి అడగండి.